ముక్కు మూసుకుపోయిన మందు పంపు

నేను ఒక పంపును. పంపు అనగానే పొలంగట్టు మీద భళభళా నీళ్ళు కక్కే మోటారు మీ కళ్ళ ముందు మెదులుతుందేమో, అంత గొప్ప నాకు లేదు. నేను పోసేది చుక్కలు. చంటిపిల్లకు ఉగ్గుగిన్నెతో పట్టినట్టు, చమురుబావికి చుక్కచుక్కగా మందు పట్టడం నా వృత్తి. మందు అనగానే మీలో కొందరు ముసిముసిగా నవ్వుతారని నాకు తెలుసు. ఆ మందు కాదు లెండి.

మీ ఇంట్లో బోరు నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గార పడుతుంది చూశారా? గీకినా రాదు, చింతపండు పెట్టి తోమినా సగమే వదులుతుంది. అదే గార చమురుబావికీ పడుతుంది. భూమి లోతు నుంచి చమురు ఒక్కటే రాదు, దాని వెంట ఉప్పునీరూ వస్తుంది. ఆ నీటిలో సున్నం కరిగి ఉంటుంది. కింద ఒత్తిడికి అణిగిమణిగి ఉన్న సున్నం, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గడంతో నీటిని వదిలేసి గొట్టం గోడల మీద, వాల్వుల సందుల్లో రాయిలా కూర్చుంటుంది. నేను పోసే మందు ఆ సున్నపు రవ్వ పుట్టీ పుట్టగానే దాన్ని అంటిపెట్టుకుని పెరగనివ్వదు. అంతవరకే దాని చేతనైన పని. పట్టేసిన గారను కరిగించడం దానివల్ల కాదు. అందుకే మందు ఒక్క పూట కూడా ఆగకూడదు. ఈ సంగతి నాకు తెలుసు, మనుషులకూ తెలుసు. తెలిసినదాన్ని మరిచిపోవడంలో మాత్రం వాళ్ళే నాకన్నా గట్టివాళ్ళు.

నేను పుట్టింది హైదరాబాదులో, బాలానగర్ రేకుల షెడ్డులో. మస్తాన్ అనే టర్నరు లేతు మీద, మందును పీల్చి నెట్టే నా కడ్డీని నున్నగా తీసి, వేలితో తడిమి, తృప్తి లేక మళ్ళీ తీసి, చివరికి చెంపకు ఆనించి చూసుకున్నాడు. పక్క లేతు వాడు "ఏమన్నా, పంపుకు నిఖా చేస్తున్నావా" అని ఆటపట్టించాడు. మస్తాన్ పట్టించుకోలేదు. ఆ చెంప తాకిడి వల్లేనేమో, ఇన్నేళ్ళలో నా కడ్డీ ఒక్కసారి కూడా జారలేదు, పట్టేయలేదు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొదట నన్నొక చక్కెర మిల్లు కొనుక్కుంది. అక్కడ బాయిలరుకు గార పట్టకుండా మందు పోశాను. మిల్లు మూతపడ్డాక వేలంలో ఒక కాంట్రాక్టరు చేతికి వచ్చాను. ఆయన నాకు బూడిదరంగు పూయించి, కొత్త పంపు అని చెప్పి చమురు కంపెనీకి తగిలించాడు. మనుషులు వయసు దాచుకోవడానికి జుట్టుకు రంగు వేసుకుంటారు. నా వయసు దాచింది మాత్రం నా మీద లాభం చూసుకున్నవాడు.

అలా కోనసీమలో గోగులంక బావి దగ్గరికి చేరాను. చుట్టూ కొబ్బరితోటలు, రొయ్యల చెరువులు. మధ్యలో కంచె వేసిన కంకర నేల, దాని నడుమ బావి, బావి నెత్తిన వాల్వుల దొంతర. పక్కనే ఇనుప ట్యాంకులో మందు. ఆ ట్యాంకు కింద నేను. ట్యాంకు పైన వేలెడు పొడుగున చిన్న గొట్టం ఉండేది. లోపలి మందు తగ్గేకొద్దీ దానిగుండా గాలి లోపలికి రావాలి. గాలి రాకపోతే నేనెంత పీల్చినా మందు దిగదు, మూత బిగించిన సీసాలోంచి పుల్లతో తాగబోయినట్టే. అది నా ముక్కు అనుకోండి. దాని వంపు తుప్పు పట్టి ఎప్పుడో ఊడిపోయింది. మొండి గొట్టం ఆకాశానికి నోరు తెరుచుకుని మిగిలింది.

బావి ఆపరేటరు పేరు కుడుపూడి అబ్బులు. లావుపాటి చేతులు, సన్నటి గొంతు. బావిలోంచి వచ్చే చమురు, గ్యాసు కాలవగట్టు వెంబడి పాతిన గొట్టంలో దూరాన చమురు పోగుచేసే కంపెనీ స్టేషనుకు వెళ్ళేవి. ఆ గట్టు మీదే అబ్బులు భార్య వీరవేణి టిఫిను పాక. కొబ్బరిడొక్కల పొయ్యి మీద పునుగులు, కింద నిప్పు పైన నిప్పు పెట్టి కాల్చే మినపరొట్టె. ఆ రొట్టె కోసం పక్క లంకల నుంచి కూడా వచ్చేవారు. గొట్టం పాతిన గట్టు మీద నిప్పు వద్దని కంపెనీ బోర్డు పెట్టింది. వీరవేణి ఆ బోర్డుకే తువ్వాలు ఆరేసుకునేది.

"ఏంటి అబ్బులూ, గొట్టం మీద పొయ్యెట్టించావంట" అని ఎవరైనా అంటే అబ్బులు నవ్వేవాడు. "బావి నా చేతిలో ఉన్నాదండి. ఏవన్నా అయితే చక్రం తిప్పేత్తాను. టక్కున కట్టేద్ది."

ఆ మాట అతను వందసార్లు అనడం విన్నాను. భార్య ప్రాణాన్ని అతను ఆ ఇనప చక్రానికి అప్పజెప్పాడు. ఆ చక్రం మూసే వాల్వులో గార చేరకుండా చూసే పూచీ నాది. అంటే వీరవేణి ప్రాణం చివరికి నా చుక్కల మీద ఉంది. ఆమెకు నేనొకదాన్ని ఉన్నట్టే తెలియదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. అబ్బులు తలంటుకుని కొత్త లుంగీలో వచ్చాడు. రెండో ఆపరేటరు తాతాజీ మామిడి తోరణాలు కట్టాడు. నన్ను కడిగి, తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టారు. ట్యాంకు పక్కన మందు మట్టం చూపించే గాజు గొట్టానికి కూడా పైనుంచి కిందిదాకా దిట్టంగా పసుపు పూశారు. ఇంత గౌరవం నాకెప్పుడూ దక్కలేదు. నేను మురిసిపోయానని ఒప్పుకుంటాను.

పూజకు ముందు పసుపు వినాయకుడు ఉండాలి కదా. అబ్బులు తడిపసుపు ముద్ద చేసి, తమలపాకు మీద పెట్టి ట్యాంకుపైన ఉంచాడు. సముద్రపు గాలికి ఆకు ఎగిరింది, ముద్ద జారింది. అటు చూశాడు, ఇటు చూశాడు. నా మొండి గొట్టం కనిపించింది. చక్కగా గద్దెలా ఉందనుకున్నాడు కాబోలు, ముద్దను దాని మూతి మీద పెట్టి, పడిపోకుండా బొటనవేలితో గట్టిగా అదిమాడు. సగం ముద్ద లోపలికి దిగింది.

దేవుడు వచ్చి నా ముక్కు మీద కూర్చున్నాడు.

పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి, వినాయకుణ్ణి కాస్త కదిపి, తీసి నీళ్ళలో కలపాలి. సరిగ్గా అప్పుడే స్టేషను నుంచి ఫోను వచ్చింది. అబ్బులు పరుగెత్తాడు. మర్నాడు తాతాజీ ఆ ముద్దను తీయబోతే అబ్బులు కూతవేటు దూరం నుంచే ఆపాడు. "ముట్టుకోకు తాతాజీ. ఉద్వాసన చెప్పలేదు. పూజ చేసినోణ్ణి నేనే తియ్యాలి. నాకేమో మైలొచ్చింది, పెద్దమ్మ పోయింది రాత్రి. పెద్దదినం అయ్యాక తీత్తాను."

పెద్దదినం అయింది. ఆలోపు ముద్ద ఎండకు సున్నంలా బిగిసి, బొట్టు వెలిసి, ట్యాంకుకు ఉన్న పసుపు మరకల్లో ఒక మరకైపోయింది. ఎవరికీ గుర్తు రాలేదు.

నా పాట్లు చెబుతాను వినండి. మొదటిరోజు ట్యాంకులో ఉన్న కొద్ది గాలితో కొంత మందు లాగాను. తరువాత లాగితే లోపల ఏదో నన్ను వెనక్కి లాగుతోంది. కడ్డీ వెళ్తోంది, వస్తోంది, టక్ మంటోంది, చుక్క మాత్రం లేదు. గేజీ ముల్లు కూడా నన్ను మోసం చేసింది. గొట్టంలో ఇరుక్కున్న పాత ఒత్తిడినే చూపిస్తూ నిటారుగా నిలబడింది. నేను ఆగిపోయినా బాగుండేది, చప్పుడు లేదేమిటని ఎవరో ఒకరు వచ్చేవారు. మస్తాన్ నన్ను ఆగిపోయేలా చేయలేదే.

అన్నిటికన్నా నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది, మందు తరగకపోవడం వాళ్ళకు సంతోషం కలిగించడం. తాతాజీ ట్యాంకు మూత ఎత్తి తొంగి చూడబోయి, అది కదలకపోతే బరువనుకుని వదిలేసి, వేళ్ళతో తట్టి చప్పుడు విన్నాడు. "నిండుగానే ఉందన్నా. ఈ నెల మందు బాగా కలిసొచ్చింది." అబ్బులు బావికి దణ్ణం పెట్టాడు. "పూజ బాగా జరిగిందిరా. అక్షయపాత్ర అయిపోయింది." మనుషులకు ఏదైనా తగ్గితే వెంటనే దొంగ ఎవరని వెతుకుతారు. తగ్గకపోతే దేవుడనుకుని ఊరుకుంటారు.

బావి గొంతు మారడం నాకు తెలుస్తూనే ఉంది. బావి అడుగుదాకా దిగిన నా సన్నగొట్టంలోంచి ఆ చప్పుడు నాకు వినిపిస్తుంది. అదివరకు హోరుగా వచ్చేది, రానురాను ఈలలా సన్నబడింది. లోపల రాయి పెరుగుతోందని అర్థమైంది. అబ్బులు వారానికోసారి చక్రాన్ని సగం తిప్పి, మళ్ళీ తెరిచేవాడు. పూర్తిగా మూస్తే ఉత్పత్తి ఆగుతుందని పైవాళ్ళు తిడతారు. సగందాకా తిరిగేది, కాస్త బరువుగా. "గ్రీజు అయిపోయినట్టుంది" అని గ్రీజు పెట్టేవాడు. ఆ మిగతా సగంలో ఏముందో అతనికి తెలియదు. నాకు తెలుసు. చెప్పడానికి నాకున్నది ఒక్క టక్ శబ్దం. అది వింటే అంతా బాగుందని వాళ్ళ నమ్మకం.

కార్తీకంలో ఇంజనీరు ప్రణీత వచ్చింది. చురుకైన మనిషి. చమురు తగ్గుతోందని కాగితాలు చూడగానే ఆమెకు అనుమానం వచ్చింది. తిన్నగా నా దగ్గరికే వచ్చింది.

"అబ్బులు గారూ, మందు సరిగ్గా వెళ్తోందా?"

"బెమ్మాండంగా కొట్టుకుంటందండి. ఆయ్, మీరే ఇనండి."

వంగి విన్నది. నేను టక్ టక్ మన్నాను. ఇంతకన్నా పెద్ద అబద్ధం నేను జన్మలో ఆడలేదు, అదీ నా ప్రమేయం లేకుండా. ఆమె జేబు రుమాలు తీసి గాజు గొట్టం మీది పసుపు తుడవబోయింది. మందు తరగలేదన్నది ఆమె కంట పడబోతోందని నా ప్రాణం లేచొచ్చింది.

తాతాజీ కంగారుగా అడ్డొచ్చాడు. "పూజ పసుపండి మేడంగారూ, చేత్తో తుడవకూడదు. దానంతటదే పోవాలి."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పరాయి ఊళ్ళో వాళ్ళ నమ్మకాన్ని చిన్నబుచ్చడం దేనికనుకుని ఉంటుంది. మంచి మనసే. ఆ మంచి మనసు మీద ఆ క్షణంలో నాకు పట్టరాని కోపం వచ్చింది. అయినా ఆమెకు తృప్తి కలగలేదు. రేపొచ్చి బావిని పరీక్ష చేస్తానని చెప్పి వెళ్ళింది.

మర్నాడు టిఫిన్ల వేళ ఆమె జీపు దిగి కంచె లోపలికి వస్తుండగానే గట్టువైపు నుంచి పెద్ద చప్పుడైంది. రొయ్యల చెరువు తవ్వుతున్న పొక్లెయిన్ పన్ను గొట్టానికి తగిలింది. గ్యాసు ఈల వేస్తూ బయటికి తన్నింది. ఒత్తిడి పడిపోగానే తనంతట తానే మూసుకోవలసిన పై వాల్వు కిందికి దిగింది, సగంలో గారకు తట్టుకుని అక్కడే నిలిచిపోయింది.

అబ్బులు ఒక్క అంగలో చక్రం దగ్గరికి చేరాడు. తిప్పాడు. సగందాకా ఎప్పటిలాగే తిరిగింది. తరువాత గోడకు గుద్దుకున్నట్టు ఆగింది. ఇంకోసారి లాగాడు. కదల్లేదు.

"తాతాజీ, వేణికి ఫోన్ కొట్టు. పొయ్యి ఆర్పమను."

తాతాజీ ఫోను చెవికి పెట్టుకున్నాడు. "మోగుతుందన్నా. ఎత్తట్లేదు."

"బండి తియ్యకు, నిప్పురవ్వ లేచుద్ది. పరిగెట్టు."

తాతాజీ చెప్పులు వదిలేసి గట్టు మీదికి పరుగు తీశాడు. ఆ రోజు గాలి లేదు. చమురు ఆవిరితో బరువెక్కిన గ్యాసు పైకి పోకుండా నేలబారుగా పాకవైపు పారుతోంది. పాకలో రొట్టె కింద నిప్పు, రొట్టె పైన నిప్పు.

అబ్బులు చక్రానికి ఇనప గొట్టం దూర్చి వేలాడబోయాడు. ప్రణీత అతని భుజం పట్టుకుంది. "వద్దు. బలం పెడితే వాల్వు లోపలి కడ్డీ విరుగుతుంది, ఇంక మనం చేయగలిగింది ఉండదు. వెనక్కి తిప్పండి."

"వెనక్కా? తెరిస్తే ఇంకా వత్తాది కదండీ."

"నా మాట వినండి. లోపల గార ఉంది. కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకి. రాయి నలగాలి."

భార్య నిప్పు పక్కన ఉందని తెలిసి, చేతులారా బావిని మళ్ళీ తెరవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. అతను తెరిచాడు. గట్టు మీది ఈల పెరిగింది. మళ్ళీ మూశాడు. కర్రుమని ఇంకాస్త దిగింది. ఇద్దరూ చెరో పక్కా పట్టారు. వెనక్కి, ముందుకి. అబ్బులు నోటినుంచి "వేణీ, వేణీ" అన్న మాట తప్ప ఇంకేమీ రావడం లేదు. ఆ గోల మధ్య నేను టక్ టక్ మంటూనే ఉన్నాను. అంత సిగ్గు నాకెప్పుడూ వేయలేదు. లోపల రాయి నలిగిన ప్రతిసారీ నా సన్నగొట్టం వణికింది. చక్రం ఇంకో చుట్టు తిరిగింది. ఇంకో అర చుట్టు. అక్కడ పట్టేసింది. మళ్ళీ వెనక్కి తిప్పారు. ఈసారి ముందుకి వచ్చినప్పుడు ఏదో విరిగిన చప్పుడైంది. విరిగింది కడ్డీయో రాయో నాకూ తెలియలేదు. చక్రం గిర్రున తిరిగింది, వాల్వు అడుగున కూర్చుంది. గట్టు మీది ఈల సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది.

పేలుడు వినిపిస్తుందేమోనని ఇద్దరూ చక్రం వదలకుండా అలాగే నిలబడ్డారు. వినిపించలేదు. కాసేపటికి అబ్బులు ఫోను మోగింది.

"ఏవయ్యా, ఏటా కంపు? తాతాజీ వచ్చి కేకలేత్తన్నాడు. బిందెలో నీళ్ళు లేవు, వాసన రాగానే పిండి మొత్తం పొయ్యిలో కుమ్మరించేశాను. ఇంకా పొగలేత్తంది గానీ ఆరిపోయింది. ఈయాల్టి యాపారం పోయినట్టే."

అబ్బులు కంకర మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ప్రణీత నా దగ్గరికి వచ్చి, బయటికి పోయే గొట్టం నట్టు విప్పింది. టక్ మన్నాను, చుక్క లేదు. ట్యాంకు మూత పట్టుకుని లాగితే రాలేదు. రెంచితో మీటితే వచ్చింది. ట్యాంకు ఒక్కసారిగా గాలి మింగింది. నా కడ్డీ కింద మందు చల్లగా తగిలింది, వెంటనే చుక్క పడింది. ఆమె ఆ చుక్కను చూసింది, మూతను చూసింది, మొండి గొట్టం మీద రాయిలా ఎండిన పసుపు ముద్దను చూసింది.

"నేనేనండి ఎట్టాను" అన్నాడు అబ్బులు వెనకనుంచి. "ఉద్వాసన చెప్పడం మరిసిపోయాను."

ఆమె రెంచి కింద పెట్టింది. తరువాత మెల్లగా చెప్పింది. "పసుపు అని రాస్తే రేపే మిమ్మల్ని తీసేస్తారు. పంపు పాడైందని రాస్తే పంపునే తీసేస్తారు. ఆ ముద్ద తీసేసి ఇంటికి వెళ్ళండి."

నన్ను పాడైందన్నారు. అప్పుడే చుక్క కార్చిన నన్ను. మస్తాన్ చెంపకు ఆనించుకున్న నన్ను. కోపం రాలేదని చెబితే నమ్మకండి. నా నడుముకు ఎర్రరంగుతో అడ్డగీత కొట్టి, బోల్టులు విప్పి, నా చోట కొత్తదాన్ని బిగించారు. మనుషులు ఒకరినొకరు కాపాడుకోవాలంటే నోరులేనిదొకటి దగ్గర్లో ఉండాలి.

నన్ను తీసుకుపోయే వ్యాను వచ్చిన రోజు వీరవేణి మొగుడికి క్యారేజీ తెచ్చింది. నన్ను వ్యానులోకి ఎత్తుతుంటే చూసింది.

"పంపు పాడైపోయిందని ఊరంతా అంటన్నారు. నిజమేనా?" అని అబ్బులును అడిగింది.

అబ్బులు తలదించుకున్నాడు. "పాడవలేదు. నేను పసుపెట్టాను, దాని గొట్టం మూసుకుపోయింది. మేడంగారు నా కోసం అలా రాశారు."

ఆమె క్యారేజీ కింద పెట్టి నాకేసి చూసింది. మొగుణ్ణి తిట్టలేదు. "మరి మిగతా బావుల దగ్గిర కూడా పూజ చేసుంటారు కదయ్యా" అంది. "ఆ గట్ల మీద కూడా ఎవరో ఒకరు పొయ్యెట్టుకునే ఉంటారు."

అబ్బులు క్యారేజీ అందుకున్నాడు. వ్యాను కదలబోతుంటే డ్రైవరును ఆపి వెనక ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. దారిపొడుగునా ఒక చెయ్యి నా మీద ఉంచాడు. ఆఫీసు గేటు దగ్గర దిగి లోపలికి నడిచాడు. లోపల ఏం చెప్పాడో, అసలు చెప్పాడో లేదో, గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగాడో నాకు తెలియదు. వ్యాను నన్ను తుక్కు యార్డులో దింపేసి వెళ్ళిపోయింది.

ఇక్కడ తుప్పు పట్టడం తప్ప పనేమీ లేదు. కానీ మనసు కుదుటపడలేదు. ఆ లంకల్లో ఎన్ని బావుల మీద ఎన్ని పంపులు నాలాగే ఉత్తుత్తిగా టక్ టక్ మంటున్నాయో అన్న బెంగ నన్ను తినేసింది. వాన పడింది, ఎండ కాసింది, నా ఎర్రగీత వెలిసింది. ఎవరూ రాలేదు.

చివరికి ఒకనాడు మధ్యాహ్నం తుక్కు లారీ వచ్చింది. కూలీల్లో అబ్బులు ఉన్నాడు. ఆపరేటరు చొక్కా లేదు, నెత్తిన తలపాగా ఉంది. బరువైన గోనెసంచి దింపి నా పక్కనే కుమ్మరించాడు. వేలెడేసి మొండి గొట్టాలు, కోసి తెచ్చినవి, ఖణఖణమంటూ దొర్లాయి. అన్ని బావుల ట్యాంకుల మీంచీ తీసేసి వంపు గొట్టాలు వేశారని మరో కూలీతో చెప్పాడు. తరువాత వంగి కొన్నిటిని ఏరి పక్కన పెట్టాడు. వాటి నోళ్ళలో పసుపు రాయిలా బిగిసి ఉంది.

"మూడున్నాయి" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

ఎండ మండిపోతోంది, యార్డులో నీడ లేదు. అబ్బులు తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, నా మీదే కూర్చుని క్యారేజీ విప్పాడు. మినపరొట్టె వాసన వచ్చింది. అతను బరువుగానే ఉన్నాడు. అయినా తినడం అయ్యేదాకా అతను అలాగే కూర్చుంటే బాగుండుననిపించింది నాకు.